పాచితొట్టి దగ్గర మధ్యాహ్నం

మా దొడ్లో బావిలో ఒకామె ఉంటుంది. పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ఊళ్ళో అందరూ "ఆమె" అంటారు. మా మామగారి తాతల కాలంలో తనే దూకిందని కొందరు, ఎవరో తోశారని కొందరు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్తగారు బసవమ్మ ఇల్లంతా తిప్పి, బియ్యం ఎక్కడ, చింతపండు ఎక్కడ, ఆమె ఎక్కడ, అన్నీ ఒకే గొంతుతో చెప్పింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా బావి ఆమెదట. మిగతా వేళల్లో మనం తోడుకోవచ్చట. నేను నరసరావుపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చిన దాన్ని. ఇలాంటివి నమ్మను. కాకపోతే పన్నెండు నుంచి రెండు దాకా ఎలాగూ పడుకుంటాను కాబట్టి ఆమెకూ నాకూ తగాదా రాలేదు.

తగాదా వచ్చింది నా తోటికోడలు రోహిణికి. పన్నెండేళ్ళ కిందట దాని మొదటి బిడ్డ నలభై మూడో రోజున పోయింది. పెదాలు నీలం, గోళ్ళు నీలం. సత్తెనపల్లి తీసుకెళ్ళేసరికి ఒళ్ళంతా స్లేటు పలక రంగుకు తిరిగింది. గుండెలో లోపం ఉండి ఉండొచ్చని డాక్టరు అన్నాడు. బసవమ్మ ఒప్పుకోలేదు. అంతకు నాలుగు రోజుల ముందు రోహిణి జుట్టు విరబోసుకుని మిట్టమధ్యాహ్నం బావి దగ్గర బిడ్డ గుడ్డలు ఉతికిందని, ఆమె చూసిందని, చూస్తే ఊరుకోదని తేల్చింది. అది విన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏమీ అనలేదు. రోహిణి కూడా ఏమీ అనలేదు, నమ్మేసింది.

మూడేళ్ళకు లిఖిత పుట్టింది. గురజాలలో, పుట్టింట్లో. అక్కడే వదిలేసింది. ఆ పిల్లకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక్క రాత్రి కూడా ఈ ఇంట్లో పడుకోలేదు. ప్రతి ఆదివారం రోహిణి బస్సెక్కి వెళ్ళి, తల దువ్వి, అన్నం తినిపించి, సాయంత్రం బస్సుకు వచ్చేస్తుంది. మా ఇల్లు ఒకటే గాని వాటాలు రెండు. దాని వంటింటి కిటికీ దొడ్లోకి ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఆ కిటికీకి మేకులు కొట్టి ఉన్నాయి. బసవమ్మ పోయి ఆరేళ్ళయినా మేకులు మాత్రం ఉన్నాయి.

మొన్న మార్చిలో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఫాయిజా వచ్చింది. పిడుగురాళ్ళలో లారీల మెకానిక్ ముర్తుజా గారి అమ్మాయి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఏదో పరిశోధన ప్రాజెక్టులో చేరింది. సున్నపు దుమ్ము పట్టిన స్కూటీ మీద ఊరంతా తిరిగి, బావుల్లో, బోర్లలో, చేల మధ్య మురుగు కాలవల్లో సన్నటి కాగితపు ముక్కలు ముంచి చూసింది. నీళ్ళలో నైట్రేటు లేకపోతే ఆ ముక్క తెల్లగా ఉంటుంది. ఉన్నకొద్దీ గులాబీ రంగు ఎక్కుతుంది. మా బావిలో ముంచింది వంకాయ రంగుకు వచ్చింది.

"ఊరు మొత్తానికి మీదే ఫస్టు ఆంటీ," అంది.

మా ఇంటికి దేంట్లోనైనా ఫస్టు రావడం అదే మొదలు.

చేలన్నీ మెరకన ఉన్నాయి, మా దొడ్డి పల్లాన ఉంది. ముప్ఫై నలభై ఏళ్ళుగా మిరపకూ పత్తికీ చల్లిన ఎరువులో మొక్క తినగా మిగిలింది నీళ్ళతో పాటు భూమిలోకి దిగి, మా బావిలోకి వచ్చి కూర్చుందని చెప్పింది ఫాయిజా. అందుకని బావి పక్కనే తొట్టి పెట్టింది. నల్ల టార్పాలిన్ పరిచిన పొడుగాటి తొట్టి, మోకాలి లోతు, మధ్యలో సోలారు పలకతో తిరిగే చక్రం, పైన వల. బావి నీళ్ళు నింపి, అందులో సీసాతో తెచ్చిన పచ్చటి నీళ్ళు పోసింది. కంటికి ఆననంత సన్నటి పాచి అది. నైట్రేటును తిని పెరుగుతుంది. తిండి అయిపోయాక పచ్చదనం తగ్గి పాలిపోతుంది. అప్పుడు పాచిని వడగట్టి తీసేస్తే శుభ్రమైన నీళ్ళు మిగులుతాయి.

"పాలిపోతే కంగారు పడకండి. పాలిపోతే సంతోషించాలి," అని మరీ మరీ చెప్పింది.

మా మామగారు వెంకట్రామయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, చెవుడు, అయినా తనకు కావలసింది వినపడుతుంది. "తీసిన పాచిని ఏం జేస్తారమ్మా?"

"చేలో ఎరువుగా వేసుకోవచ్చు తాతయ్యా."

"అంటే ఎరువును పాచికి పెట్టి, పాచిని మళ్ళా ఎరువుగా పెట్టడం. మధ్యలో ఈ చక్రం దేనికి?"

ఫాయిజా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇరవై అయిదేళ్ళుగా ఈ ఇంట్లో ట్యాంకులోదీ, కుడితి తొట్టిలోదీ, బాత్రూం మూలల్లోదీ పాచి తోమి తోమి నా చేతుల గీతలు అరిగాయి. ఇప్పుడు దాన్ని సాకే ఉద్యోగం కూడా నాకే వచ్చింది. రోజూ పొద్దున్నే కాగితపు ముక్క ముంచి, ఫోటో తీసి, ఫాయిజాకు పంపాలి. జీతం లేదు గాని గుడ్ మార్నింగ్ ఆంటీ అని ఒక పువ్వు బొమ్మ వస్తుంది.

మొదటి ఆరు రోజులూ పంట ముద్దుగా వచ్చింది. నీళ్ళు గోంగూర రుబ్బి పోసినట్టయ్యాయి. ముక్క రంగు వంకాయ నుంచి గులాబీకి, గులాబీ నుంచి లేత గులాబీకి దిగింది. ఏడో రోజు పాచి పసుపుపచ్చకు తిరగడం మొదలైంది. ఎనిమిదో రోజు ముక్క దాదాపు తెల్లగా ఉంది. తొమ్మిదో రోజు పొద్దున ముంచితే మళ్ళీ వంకాయ.

ఫాయిజా వచ్చి నీళ్ళన్నీ తోడించి, తొట్టి కడిగి, కొత్తగా నింపింది. రెండోసారి కూడా అంతే. ఏడో రోజు దాకా దిగుతుంది, పాలిపోవడం మొదలవుతుంది, ఆ వెంటనే రంగు ఎక్కేస్తుంది. మూడోసారీ అంతే. పైగా వల ఒక మూల కాస్త జరిగి ఉండేది. తొట్టి పక్కన బండ మీద తడి మరక, ఎండకు అంచుల నుంచి ఆరిపోతూ.

"ఆమె నీళ్ళు ఆమె అంత తేలిగ్గా ఇడిసిపెట్టుద్దా?" అంది మిరపకాయలు ఏరడానికి వచ్చే మైమూనా, బుట్ట దించకుండానే. ఆ తర్వాత కూలీలెవరూ దొడ్డి వైపు నుంచి రావడం మానేశారు. చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వచ్చి, నా ముగ్గు తొక్కి పోయేవాళ్ళు.

ఒక రోజు మధ్యాహ్నం దాటాక రోహిణి నా వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"అక్కా, మా కిటికీ మూసే ఉందిగా. అయినా ఇనపడతంది."

"ఏంది?"

"తొట్టి దగ్గర ఎవురో బుజ్జగిస్తన్నారు. సన్నటి గొంతు. తిను తల్లీ, తిను తల్లీ అని."

"ఆ చక్రం చప్పుడేమోనే."

"చక్రం తెలుగు మాట్లాడుద్దా అక్కా?"

రోహిణి చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"పాప డబ్బా పాలు తాగనని మొండికేస్తే నేను అట్టానే అనేదాన్ని. అవే మాటలు." కొంగు వదిలేసింది. "జూన్‌లో లిఖితను తీసుకొద్దామనుకున్నా అక్కా. మా అమ్మకు మోకాళ్ళు పోయినయ్, ఇంక నా వల్లగాదంటంది. ఇంతమంది చదువుకున్నోళ్ళు వచ్చి నీళ్ళు బాగుజేస్తన్నారు గదా, ఆమె కూడా పోయుద్దేమో అనుకున్నా. పోలేదు. హాస్టల్లో ఏస్తా. ఈ నెలాఖరుకు డబ్బు కట్టాలంట. ఈడికి మాత్రం తేను."

తొమ్మిదేళ్ళ పిల్ల అమ్మమ్మ ఇంటి నుంచి హాస్టలుకు పోతుంది. సొంత ఇల్లు మధ్యలో తగలదు. నెలాఖరుకు పదిహేను రోజులుంది.

మర్నాడు ఫాయిజా నాలుగోసారి తొట్టి నింపి, చేతులు కడుక్కుని నా దగ్గర పెసరట్టు తింటూ కూర్చుంది. మాటల్లో అడిగింది.

"ఆంటీ, ఈ బావి నీళ్ళు ఎప్పుడూ పసిపిల్లలకు పట్టలేదు కదా?"

"ఎందుకు?"

"ఆరు నెలల్లోపు పిల్లలకు నైట్రేటు చాలా ప్రమాదం. రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు. ఒళ్ళు నీలంగా అయిపోతుంది. ముఖ్యంగా డబ్బా పాలు తాగే పిల్లలకు." అట్టు తుంచి అల్లం పచ్చట్లో అద్దింది. "మేము కాచి పట్టామండీ అంటారు చాలామంది. కాస్తే పురుగులు చస్తాయి గాని ఇది పోదు. నీళ్ళు ఆవిరైపోయి ఇది మిగిలిపోతుంది, ఇంకా చిక్కబడుతుంది. మీకు చెప్పేదేముంది, మీరు కెమిస్ట్రీ కదా."

పెనం మీద అట్టు మాడిపోయింది. నేను తిప్పలేదు.

రోహిణికి పాలు పడలేదు. డబ్బా పాలు కలపడానికి నీళ్ళు కాచింది నేను. మామూలుగా కూడా కాదు. పెద్దకోడలు చదువుకుంది, శుభ్రం తెలిసిన మనిషి అని బసవమ్మ ఆ పని నాకే అప్పగించింది. నేను ఆ పొగడ్తకు పొంగిపోయి, ఇత్తడి గిన్నెడు నీళ్ళు సగమయ్యేదాకా కాచేదాన్ని. రోజుకు రెండుసార్లు. బిడ్డకు బాగోలేదన్న రోజు ఇంకాసేపు కాచాను. పావు గిన్నె మిగిలింది. అడుగున తెల్లటి పొర కట్టింది. దాన్ని వేలితో గీకి, చూశావా ఎంత మురికి పోయిందో అని రోహిణికి చూపించాను కూడా.

"పన్నెండేళ్ళ కిందట ఒక పాప అలా పోయింది," అన్నాను ఫాయిజాతో. గొంతు మామూలుగానే వచ్చింది, నాకే ఆశ్చర్యమేసింది.

ఆ అమ్మాయి తినడం ఆపేసింది. ప్లేటు పక్కన పెట్టి, "అదే కారణమని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు ఆంటీ. అప్పుడు ఈ నీళ్ళను ఎవరూ కొలవలేదు," అంది. మంచి పిల్ల. అబద్ధం చెప్పకుండా నాకు ఎంత చోటు వదలగలదో అంతా వదిలింది. ఆ చోటులో నేను పట్టలేదు.

ఆ రోజు నుంచి నాకు మధ్యాహ్నం నిద్ర పోయింది. కళ్ళు మూస్తే గిన్నె మరిగే చప్పుడు. స్టవ్ మీద ఏమీ ఉండేది కాదు. లేచి వెళ్ళి రెండుసార్లు బర్నరు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. మూడోసారి ముట్టుకుని చూడలేదు, ఒకవేళ వేడిగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక.

పాచి మళ్ళీ పాలిపోవడం మొదలైన రోజు, పన్నెండింటికి నేను దొడ్డి తలుపు వెనక నిలబడ్డాను. ఏప్రిల్ ఎండ. నీడలన్నీ కాళ్ళ కిందికి పోయాయి. కాకి లేదు, కుక్క లేదు. మా బావి గట్టు ఎండకు కదులుతున్నట్టు కనిపించింది. చక్రం నీళ్ళను తిప్పుతోంది, తిప్పిన ప్రతిసారీ చిన్న బుడగలు పైకి వచ్చి పగులుతున్నాయి. నిద్రలో పసిపిల్ల పెదాలు చప్పరించినట్టు చప్పుడు. నేను నమ్మని మనిషినని చెప్పాను కదా. నా వీపు మీది చెమట మాత్రం చల్లగా ఉంది.

అప్పుడు వినపడింది. "తిను తల్లీ. ఇంత తిను. తిను తల్లీ."

ఇరవై నిమిషాల్లా అనిపించిన రెండు క్షణాల తర్వాత తలుపు తోశాను.

మా మామగారు తొట్టి పక్కన బండ మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కొంగులో మూట. అందులోంచి గుప్పెడు తెల్లటి పొడి తీసి, నీళ్ళలో చెయ్యి ముంచి, వేళ్ళ సందుల్లోంచి వదులుతున్నాడు. గేదెలున్న రోజుల్లో ఈనిన దూడను బుజ్జగించే గొంతు అది. గేదెల్ని అమ్మేసి ఎనిమిదేళ్ళు, ఆ గొంతు ఈ ఇంట్లో మళ్ళీ వినలేదు. చెవిటివాడు కాబట్టి గుసగుసలాడుతున్నానని అనుకుంటున్నాడు.

ముందుకు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన బెదరలేదు, దొరికిపోయిన పిల్లాడిలా మూట కిందికి దాచాడు.

"ఏంది మామయ్యా అది?"

"పదమూడు సున్నా నలభై అయిదు."

మిరపకు పూత మీద కొట్టే ఎరువు. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. నైట్రేటు దిట్టంగా ఉంటుంది. ఖరీదెక్కువని మా ఆయన అడిగినా సంచి తెరవనివ్వడు.

"ఎందుకేస్తన్నావు? ఆ పిల్ల వొద్దని చెప్పిందిగా. పాలిపోతే సంతోషించాలని."

"ఎట్టా సంతోషించేది అమ్మాయ్?" నీళ్ళ వైపే చూస్తూ అన్నాడు. "పచ్చగా ఉన్నది నా కళ్ళ ముందు పసుపు తిరుగుతా ఉంటే చూస్తా కూచోమంటావా? అరవై ఏళ్ళ నుంచి చేను జూస్తన్నా. పాలిపోయిందంటే ఆకలి. ఆకలేస్తే పెట్టాల. దాని బాస నాకు తెలుసు." తువ్వాలు విప్పి మిగిలిన పొడిని చూసుకున్నాడు. "ఆ పసిది రంగు మారతా ఉంటే కూడా ఇట్టానే కూచున్నా. అప్పుడు పెట్టడానికి నా చేతిలో ఏం లేకపాయె. దీనికన్నా ఉంది."

ఆ మాటతో నాకు కోపం రావలసింది, రాలేదు. ఆ బండ మీదే కూర్చుని, ఫాయిజా చెప్పిందంతా చెప్పాను. చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎరువు భూమిలోకి దిగడం, బావిలోకి రావడం, నేను కాచడం, సగం చెయ్యడం. జీవితంలో గుసగుసగా చెప్పుకోవలసిన ఒక్క విషయాన్నీ నేను మిట్టమధ్యాహ్నం అరిచి చెప్పాను.

ఆయన బావి వైపు చూసి, "అంటే ఆమె కాదా?" అన్నాడు.

"కాదు మామయ్యా."

"మనమా?"

"అయ్యుండొచ్చు. ఆ పిల్ల గట్టిగా చెప్పలేనంది. నాకు మాత్రం మనమే అనిపిస్తంది."

తువ్వాలును మళ్ళీ ముడివేయబోయాడు. ముడి పడలేదు, నేను వేశాను.

"రోహిణికి చెప్పబాక," అన్నాడు. "పన్నెండేళ్ళు దాని మీద ఏశాం. ఇప్పుడు ఏ మొకంతో చెబుతాం?"

నిజం చెప్పాలంటే, ఆ మాట నాకు ఎండలో గొడుగులా అనిపించింది. పెద్దాయన వద్దన్నాడు. పెద్దల మాట కాదనకూడదు. నా అంత అణకువ గల కోడలు మా మండలంలోనే లేదన్నంత సుఖంగా నాలుగు రోజులు గడిపాను. ఐదో రోజు రోహిణి హాస్టలు కాగితాలు తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నాయి, నింపిపెట్టక్కా అని నా ముందు పెట్టింది. లోకల్ గార్డియన్ అన్నచోట నా పేరు రాయమంది.

పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టాను.

"రోహిణీ, తొట్టి దగ్గర మాట్లాడింది మామయ్య," అని మొదలుపెట్టాను. ఎరువు మూట సంగతి చెప్పాను. అది ముందు నవ్వింది కూడా. తర్వాత నైట్రేటు సంగతి చెప్పాను, పసిపిల్లల సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. నువ్వు ఆ మధ్యాహ్నం గుడ్డలు ఉతకడానికీ పాప పోవడానికీ సంబంధం లేదని చెప్పాను. నీళ్ళని చెప్పాను, ఎరువని చెప్పాను, నలభై ఏళ్ళ వ్యవసాయమని చెప్పాను. అంత పెద్ద నేరాన్ని ఊరందరి మీదా సమానంగా పంచితే నా వాటా ఎవరికీ కనపడదనుకున్నాను.

రోహిణి అంతా విని, నెమ్మదిగా అడిగింది. "మరి నువ్వు నీళ్ళు కాచేదానివిగా అక్కా. కాస్తే పోదా?"

అది నన్ను తప్పించడానికి అడిగిందని ఇప్పటికీ నా నమ్మకం. అవును, కొంత పోతుంది అనేస్తే అక్కడితో అయిపోయేది.

"పోదు," అన్నాను. "పెరుగుద్ది. నేను కాచినకొద్దీ పెరిగింది."

అది నా చేతుల వైపు చూసింది. మొహం వైపు కాదు. వీధిలో మిరపకాయల లారీ ఒకటి వెనక్కి వెళుతూ కుయ్ కుయ్‌మంటోంది, ఆ చప్పుడు ఆగేదాకా చూసింది. తర్వాత కాగితాలు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి దాని వాటాలోంచి మేకులు ఊడబీకుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి, తర్వాత ఒకటి. తుప్పు పట్టిన మేకులు కదా, మూలుగుతూ వచ్చాయి.

నాలుగోసారి పాచి, ఆ రోజు పడిన ఎరువును కూడా తినేసి, పూర్తిగా పాలిపోయింది. కాగితపు ముక్క తెల్లగా వచ్చింది. ఫాయిజా పదహారు ఫోటోలు తీసి, అందులో నన్ను కూడా నిలబెట్టింది. ఆ నాలుగు రోజులూ మా మామగారు తొట్టికి వీపు పెట్టి కూర్చున్నాడు, ఎవరో పోతున్న ఇంట్లో వసారా మీద కూర్చున్నట్టు. ఆ ముక్కను చూపిస్తే, "తెల్లగా అయితే మంచిదా?" అని మాత్రం అడిగాడు. మంచిదే అన్నాను. బావిని కూడా బాగు చెయ్యాలంటే ఎన్ని తొట్లు పట్టాలని అడిగాను. పైనుంచి దిగడం తగ్గితేనే ఆంటీ, తగ్గినా చాలా ఏళ్ళు పడుతుంది అంది ఫాయిజా.

జూన్ ఎనిమిదిన లిఖిత వచ్చింది. రెండు సంచులు, ఒక సైకిలు, అమ్మమ్మ పెట్టిన చెక్కల డబ్బా. సైకిలు దింపగానే దొడ్డంతా తిరిగింది. బావిలోకి తొంగి చూసి కేక వేసి, తిరిగొచ్చిన కేకకు నవ్వింది. రోహిణి కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉంది, పిలవలేదు.

ఎండలో ఆడి ఆడి పిల్ల నా వంటింట్లోకి వచ్చింది. "పెద్దమ్మా, దాహం."

మేం తాగేది ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్ళు. పన్నెండేళ్ళ కిందటి నీళ్ళు కావు. గ్లాసు కడిగి, నింపి, అందివ్వబోయాను. వెనకనుంచి రోహిణి వచ్చింది. చెప్పుల్లేకుండా వచ్చింది, అడుగు చప్పుడు కూడా లేదు. నా చేతిలో గ్లాసును నెమ్మదిగా తీసుకుంది. దురుసుగా కాదు. నీళ్ళను సింకులో పారబోసి, అదే గ్లాసును మళ్ళీ కడిగి, అదే క్యానులోంచి నింపి, పిల్లకు ఇచ్చింది.

"అన్నం నువ్వే పెట్టక్కా, జడ నువ్వే ఎయ్యి, హోంవర్కు నువ్వే జేయించు," అంది, పిల్ల గొంతులో నీళ్ళు దిగడం చూస్తూ. "నీళ్ళు మాత్రం నేనిస్తా."

"సరే," అన్నాను.